విరేచనాలు తగ్గాక కూడా పసిబిడ్డకు పాలు పడకపోతే

వాంతులు, విరేచనాల జబ్బు తగ్గినట్టే తగ్గి, పాలు తాగిన ప్రతిసారీ బిడ్డకు నురగ నురగగా, పుల్లటి వాసనతో నీళ్ల విరేచనం అవుతోందా? పొట్ట ఉబ్బి, గ్యాస్ పోతూ, పిర్రలు ఎర్రగా ఒరుసుకుపోయాయా? అయితే చాలాసార్లు కారణం లాక్టోజ్ అరగకపోవడమే. పాలలోని ఈ చక్కెరను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ పేగు లోపలి పొర అంచుల్లో ఉంటుంది. ఇన్ఫెక్షన్ దెబ్బ ముందు అక్కడే పడుతుంది. అరగని చక్కెర పెద్దపేగులో పులిసి, విరేచనం ఆమ్లంగా మారుతుంది. చర్మం మండేది అందుకే. తుడవకుండా గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో తడి అద్ది, జింక్ ఆక్సైడ్ క్రీమ్ మందంగా రాయండి.

తల్లిపాలు మాత్రం దయచేసి ఆపకండి. డబ్బా పాలు తాగే బిడ్డకైతే డాక్టర్‌ని అడిగి, లాక్టోజ్ లేని ఫార్ములా 2 నుంచి 4 వారాలు పట్టి, తర్వాత పాత పాలు కొద్దికొద్దిగా కలుపుతూ రండి. పాలు పలచన చేయొద్దు, బిడ్డకు బలం చాలదు. విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్ల ఓఆర్ఎస్ చెంచాతో పట్టండి. పండ్లరసాలు వద్దు, విరేచనాలు పెరుగుతాయి.

6 గంటలుగా మూత్రం లేకపోయినా, కళ్లు లోతుకు పోయినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.