రిపేరు నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లో పాత మెయిళ్లు కనబడకపోతే

మా నాన్నగారి ల్యాప్‌టాప్ బాగా నెమ్మదించిందని షాపుకిస్తే, హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ అనే వేగవంతమైన డిస్క్ వేశారు. విండోస్ బదులు ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించారు. ఇంటికొచ్చి థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో అకౌంట్ పెడితే నాలుగు రోజుల మెయిళ్లే వచ్చాయి. తమ్ముడు అమెరికా వెళ్లినప్పటి నుంచి, అంటే 2009 నుంచి రాసినవి ఒక్కటీ లేవు. "అన్నీ పోయినట్టేనా రా?" అని అడిగారు నాన్న. పోలేదు. మీ ఇంట్లోనూ ఇలా జరిగితే ముందు షాపుకి ఫోన్ చేసి పాత డిస్క్ ఫార్మాట్ చేయొద్దని చెప్పండి. అది మీ సొత్తు, అడిగి తెచ్చుకోండి.

కొత్త మెయిళ్లు వస్తున్నాయి, పాతవి లేవు

బ్రౌజర్‌లో మెయిల్ తెరిచి చూడండి. పాతవి అక్కడ ఉంటే దిగులే లేదు. అకౌంట్‌ని ఐమ్యాప్ పద్ధతిలో (మెయిళ్లను మెయిల్ కంపెనీ కంప్యూటర్‌లోనే, అంటే సర్వర్‌లోనే ఉంచి చూపించేది), సెట్టింగ్స్‌లో పోర్టు సంఖ్య 993గా పెట్టుకుంటే అవే వస్తాయి. అక్కడా లేవంటే పాత సెట్టింగ్ పాప్ అయి ఉంటుంది. సర్వర్‌లో కాపీ ఉంచమని టిక్ పెట్టకపోతే పాప్ మెయిళ్లను కంప్యూటర్‌లోకి దించుకుని సర్వర్‌లో తుడిచేస్తుంది. మా నాన్నది అదే. ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు వచ్చిన పాతకాలపు ఐడీ.

అలాంటప్పుడు ఉత్తరాలు ఉండేది పాత డిస్క్‌లోనే. దాన్ని యూఎస్‌బీ కేసింగ్‌లో (డిస్క్‌ని యూఎస్‌బీ తీగతో కలిపే డబ్బా) పెట్టి ల్యాప్‌టాప్‌కి తగిలించండి. పాత విండోస్‌లోనూ థండర్‌బర్డే వాడి ఉంటే యూజర్స్, మీ పేరు, యాప్‌డేటా, రోమింగ్, థండర్‌బర్డ్, ప్రొఫైల్స్, ఇలా ఒక్కో ఫోల్డరూ దిగుతూ వెళ్లండి. అర్థం లేని అక్షరాల పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో మెయిల్, దాని లోపల మీ సర్వర్ పేరు. అక్కడ ఇన్‌బాక్స్ పేరుతో రెండు ఫైళ్లు కనిపిస్తాయి. ఎమ్‌ఎస్‌ఎఫ్ అని తోక ఉన్నది ఉత్తి విషయసూచిక. తోక లేనిదే అసలైనది, ఉత్తరాలన్నీ ఒకదాని కింద ఒకటి అందులోనే ఉంటాయి. తోక లేదని దాన్ని పనికిరాని ఫైలనుకుని వదిలేసేవాళ్లున్నారు, జాగ్రత్త. సెంట్ ఫైలు కూడా మరిచిపోవద్దు.

ఇప్పుడు ఉబుంటు థండర్‌బర్డ్‌లో హెల్ప్ మెనూ, ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్‌కి వెళ్లి ప్రొఫైల్ ఫోల్డర్ తెరవండి. థండర్‌బర్డ్ మూసేయండి. తోక లేని ఆ ఇన్‌బాక్స్ ఫైలుకి 'పాతవి' అని పేరు మార్చి, మెయిల్ లోపలి లోకల్ ఫోల్డర్స్‌లో కాపీ చేయండి. మళ్లీ తెరిస్తే ఎడమవైపు 'పాతవి' కనిపిస్తుంది. విషయసూచిక అదే తయారుచేసుకుంటుంది కాబట్టి మొదటిసారి కాస్త ఆగాలి.

పాత మెయిల్ ప్రోగ్రామ్ ఔట్‌లుక్ అయితే పీఎస్‌టీ అని తోక ఉన్న ఫైలు వెతకండి, సాధారణంగా డాక్యుమెంట్స్‌లో ఔట్‌లుక్ ఫైల్స్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. ఉబుంటులో రీడ్‌పీఎస్‌టీ అనే ప్రోగ్రామ్ దాన్ని థండర్‌బర్డ్ చదివే రూపంలోకి మారుస్తుంది.

పెన్‌డ్రైవ్‌లో చోటుంది, అయినా ఫైలు ఎక్కడం లేదు

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది. అందులో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి ముందు వేరేచోట దాచుకోండి.

పాస్‌వర్డ్ సరైనదే, లాగిన్ అవడం లేదు

గడియారం చూడండి. రిపేరులో బ్యాటరీ తీసినప్పుడు తేదీ ఏళ్ల వెనక్కి పోవచ్చు. దాంతో సర్వర్ గుర్తింపు పత్రం (సర్టిఫికెట్) చెల్లదని థండర్‌బర్డ్ మొరాయిస్తుంది. తేదీ సరిచేస్తే చాలు. జీమెయిల్ అయితే కారణం వేరు కావచ్చు. మామూలు పాస్‌వర్డ్‌తో ఇలాంటి ప్రోగ్రామ్‌లను రానివ్వడం గూగుల్ 2022 మే 30 నుంచి మానేయడం మొదలుపెట్టింది. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఓఆథ్2 (గూగుల్ పేజీలోనే లాగిన్ అయ్యే పద్ధతి) ఎంచుకోండి.

పాత డిస్క్ 48 అంకెల కీ అడుగుతోంది

అది బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం. మదర్‌బోర్డు మార్చినా అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయి రికవరీ కీ వెతకండి. కీ లేకుండా ఆ డిస్క్ ఏ షాపులోనూ తెరుచుకోదు. అందుకే ల్యాప్‌టాప్ ఇచ్చే ముందే ఆ అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

తెలుగు ఉత్తరం పిచ్చి గుర్తుల్లా కనిపిస్తోంది

నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ 'a' అక్షరం, పక్కనే చిన్న సున్నా, ఇదే వరస మళ్లీ మళ్లీ వస్తే లోపల తెలుగు క్షేమంగా ఉన్నట్టే. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు. వాటిని ఒక్కోటిగా చదివితే ఇలా కనిపిస్తుంది. వ్యూ మెనూలో రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్ నొక్కండి. మా తమ్ముడి మొదటి ఉత్తరం అలాగే తెరుచుకుంది. "నాన్నగారికి నమస్కారాలు, ఇక్కడ మంచు పడుతోంది" అని ఉంది. నాన్న దాన్ని పైకి చదివి వినిపించారు.