హెర్నియా ఆపరేషన్ అయ్యాక మళ్ళీ హాస్పిటల్‌కి పరిగెత్తకుండా: సమస్య - పరిష్కారం

మా నాన్నకి కుడి గజ్జలో హెర్నియా, మెష్ (లోపల ఊతంగా పెట్టే వల) వేసి ఆపరేషన్ చేశారు, మర్నాడే ఇంటికి పంపేశారు. ఐదో రోజు రాత్రి పదకొండింటికి మళ్ళీ క్యాజువాలిటీలో ఉన్నాం. తీరా చూస్తే కుట్లు శుభ్రంగా ఉన్నాయి, మోషన్ అవ్వక పొట్ట రాయిలా బిగిసింది అంతే. డిశ్చార్జ్ కాగితంలో సిరప్ రాసే ఉంది, అది దేనికో వాళ్ళు చెప్పలేదు, మేమూ అడగలేదు.

సమస్య: మోషన్ రావట్లేదు
ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు పేగు కదలికని తగ్గించేస్తాయి, దానికి తోడు మంచం దిగకపోవడం, వీటన్నిటికీ మించి మన పథ్యం. మా అత్తయ్య వచ్చి పప్పు పెడితే చీము పడుతుంది, వంకాయ ముట్టద్దు, కూరలు వద్దు అని నాలుగు రోజులు బ్రెడ్డు, పాలు, కారప్పొడి అన్నం. పీచు లేదు, ఒంటికి నీళ్ళూ లేవు, ఇంక మోషన్ ఎక్కడినుంచి వస్తుంది? చీము పట్టేది క్రిముల వల్ల, పప్పు వల్ల కాదు, నిజానికి పుండు మానడానికి ప్రోటీన్ కావాలి.
పరిష్కారం: ఆకుకూర పప్పు, బొప్పాయి పెట్టండి, నీళ్ళు బాగా తాగించండి, లాక్టులోజ్ లాంటి సిరప్ మొదటి రోజు నుంచే వాడాలా అని డాక్టర్ని అడగండి, ఇంట్లోనే అటూ ఇటూ నడిపించండి. ముక్కనివ్వద్దు. కానీ గ్యాస్ కూడా పోకుండా పొట్ట ఉబ్బి వాంతులు అవుతుంటే సిరప్పులతో టైం వేస్ట్ చేయకండి, వెంటనే తీసుకెళ్ళండి.

సమస్య: యూరిన్ ఆగిపోయింది
నడుముకి మత్తు ఇచ్చినప్పుడు, ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దవాళ్ళలో ఇది ఎక్కువ. ఆరు గంటలైనా రాకుండా పొత్తికడుపు బిగిస్తే వెళ్ళి పైపు వేయించుకోవాల్సిందే. అందుకే ఒకసారి యూరిన్ పోసాకే డిశ్చార్జ్ అవ్వండి.

సమస్య: కోసిన చోటే మళ్ళీ గడ్డ
అందరూ హెర్నియా తిరగబెట్టిందనే అనుకుంటారు. చాలాసార్లు అది సీరోమా, అంటే లోపల ఖాళీ అయిన చోట నీరు చేరడం. వారం తర్వాత కనిపిస్తుంది, ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతటదే ఇంకిపోతుంది. దగ్గినప్పుడు ఉబ్బి పడుకుంటే లోపలికి పోతుంటే మాత్రం సర్జన్‌కి చూపించండి. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర సూదితో లాగించడం మాత్రం వద్దు, ఆ సూదితో క్రిములు మెష్ దాకా పోతే మెష్ తీసేయాల్సి రావచ్చు. వృషణాల సంచి నల్లగా కమిలినా భయం లేదు, రక్తం కిందికి దిగుతుంది, బిగుతు డ్రాయర్ వేసి, పడుకున్నప్పుడు కింద టవల్ మడిచి పెడితే తగ్గుతుంది. ఒక వృషణం విపరీతంగా నొప్పెడితే అదే రోజు వెళ్ళాలి.

సమస్య: కుట్ల దగ్గర ఎరుపు
మొదటి రెండు రోజుల కాస్త ఎరుపు మామూలే. నాలుగైదు రోజుల తర్వాత పెరుగుతుంటే, వేడిగా ఉంటే, చెమ్మ వస్తే, 100.4 దాటి జ్వరం ఉంటే ఇన్ఫెక్షన్ అని అనుమానించాలి. మేం చేసింది ఏంటంటే ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీశాం, మర్నాడు గీత దాటలేదు, ఊపిరి పీల్చుకున్నాం. పసుపు, పౌడరు రాయకండి. షుగర్ ఉన్నవాళ్ళు రోజూ చెక్ చేసుకోవాలి, షుగర్ ఎక్కువుంటే పుండు త్వరగా మానదు.

సమస్య: దగ్గితే ప్రాణం పోతోంది
గజ్జ మీద దిండు అదిమిపట్టి దగ్గమనండి, దగ్గుకి మందు అడగండి, సిగరెట్ ఆపించండి. కాలి పిక్క ఒకవైపే వాచి నొప్పెడితే, ఆయాసం వస్తే అది వేరే సంగతి, రక్తం గడ్డ అయ్యుండచ్చు, ఆగకండి.

బరువులు నాలుగు నుంచి ఆరు వారాలు ఎత్తకూడదు అన్నారు. మా నాన్న పన్నెండో రోజే 20 లీటర్ల వాటర్ క్యాన్ మీద చెయ్యేశాడు, వంటింట్లోంచి అమ్మ వేసిన కేకకి పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చారు.