తిరుపతిలో డాన్స్, నాటకం నేర్చుకోవాలనుకునేవాళ్ళకి

ముందు టీటీడీ వాళ్ళ ఎస్వీ సంగీత నృత్య కళాశాల చూసి రండి, 1959లో పెట్టిన కాలేజీ, కూచిపూడి, భరతనాట్యంతో పాటు గాత్రం, వీణ, మృదంగం, హరికథ కూడా అక్కడే నేర్పిస్తారు. ఫీజు, అడ్మిషన్ సంగతి నేరుగా ఆఫీసులోనే అడగండి.

ఇట్లాంటి కాలేజీలో నాకు బాగా నచ్చేది పక్కనే మృదంగం నేర్చుకునేవాళ్ళు ఉండడం, ఎందుకంటే రికార్డింగ్‌కే అలవాటుపడితే స్టేజి మీద నట్టువాంగం (గురువు తాళాలు కొడుతూ నోటితో లయ చెప్పడం) కాస్త స్పీడందుకోగానే కాలు తడబడుతుంది, కాబట్టి వాళ్ళలో ఒకర్ని స్నేహం చేసుకుని కలిసి ప్రాక్టీస్ చేయండి. కొత్త అడవు (డాన్స్‌లో ఒక మూల అడుగు) ఏదైనా ముందు చేత్తో తాళం వేస్తూ సొల్లు, అంటే దాని లయ మాటలు, నోటితో చెప్పాలి, తర్వాతే కాళ్ళు. మూడో కాలంలో, అంటే బాగా వేగంగా చేసేటప్పుడు, అరమండి (మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమ) లేచిపోతుంటే మొహమాటపడకుండా మళ్ళీ నెమ్మదైన ఒకటో కాలానికి రండి.

నాటకం మాత్రం క్లాస్‌రూంలోనే వచ్చేది కాదు. ఎండాకాలం చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం పెడతారు కదా, పగలు హరికథ, రాత్రి వీధినాటకం, తప్పకుండా పోండి. తపస్సుమాను రోజు, అంటే అర్జునుడి తపస్సు ఘట్టం ఆడే రోజు, ఆ వేషగాడు పద్యాలు పాడుకుంటూ అంత ఎత్తు మాను ఎక్కుతాడు, ఊపిరి ఎక్కడ పట్టుకుంటున్నాడో, ఏ మాట దగ్గర వదులుతున్నాడో గమనించండి, వాచికం, అంటే మాటతో నటించడం, అదే. వీలైతే సాయంత్రమే వెళ్ళి పెద్దవాళ్ళని అడిగి వేషం కట్టే చోట కూర్చోండి, కిరీటం, భుజకీర్తులు బిగించగానే మనిషి నడకే మారిపోతుంది, ఆ నడక ఇంటికొచ్చి మీరూ నడిచి చూడండి.