రాలిన పూలతో రంగులు: ముడసర్లోవ నీటి ఒడ్డున పిల్లలతో ఒక వసంతపు పొద్దు

విశాఖలో వసంతం ఎంతవరకు వచ్చిందో చెట్లను చూసి తెలుసుకోవాలి. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, 2026లో మార్చి 19న. మూడు వారాల తేడా. వేపపూత మాత్రం చంద్రమానం లెక్క చూసుకోదు, ఎండను బట్టి వస్తుంది. అందుకే పిల్లల్ని పార్కుకు తీసుకెళ్లి బొమ్మలు వేయించాలనుకుంటే వారం ముందు పెద్దవాళ్లెవరైనా ఒకరు వెళ్లి, ఏ చెట్టు కింద ఏం రాలుతోందో చూసి రావాలి. ఆ రోజు ఏ పని పెట్టుకోవాలో దాన్నిబట్టే తేలుతుంది.

వరస సుమారుగా ఇలా ఉంటుంది. ఫిబ్రవరిలో బూరుగు, మోదుగ పూస్తాయి. ఫిబ్రవరి చివర్నుంచి మార్చి దాకా రావి పాతాకు రాల్చి రాగిరంగు చిగురు వేస్తుంది. బాదం ఎర్రాకులు కూడా అప్పటికి కిందనే దొరుకుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో వేపపూత, కానుగ చిగురు. ఏప్రిల్ గడిచేకొద్దీ కానుగ పూలు నేలంతా పరుచుకుంటాయి, నెలాఖరుకు రేల, తురాయి మొదలవుతాయి. ఆకుల పనులకు మార్చి మంచిది, పూలతో ముగ్గుకు ఏప్రిల్. రెండూ ఒకే రోజు కావాలంటే రెండూ అరకొరగా మిగులుతాయి.

చోటు, సమయం

హనుమంతవాక నుంచి అడవివరం వెళ్లే బీఆర్‌టీఎస్ రోడ్డులో ఉంటుంది ముడసర్లోవ పార్కు. లోవ అంటే కొండల నడుమ పల్లం. అరిలోవ పేరులో ఉన్నదీ అదే. పక్కన కొండ, ఎదురుగా జలాశయం, చుట్టూ పెద్ద చెట్లు ఉండే చోటు కాబట్టి ఈ పనులకు బాగా కుదురుతుంది. బీచ్‌రోడ్డు పార్కుల్లోనూ చేయొచ్చు గానీ, అక్కడ గాలికి కాగితం నిలవదు, పూలరేకులు అసలే నిలవవు. అటు వెళ్తే ముగ్గు మానేసి ఆకు అచ్చులు మాత్రం పెట్టుకోండి.

ముడసర్లోవ నీళ్లు నగరానికి తాగునీరుగా వెళ్తాయి. కుంచెలు, చేతులు, గిన్నెలు ఏవీ అందులో కడగకూడదు. ఇంటి నుంచి ఐదు లీటర్ల నీళ్ల క్యాను, మూతున్న ఖాళీ బకెట్ తెచ్చుకోండి. రంగునీళ్లన్నీ ఆ బకెట్‌లోకే, బకెట్ ఇంటికే. నీటిమీద తేలుతున్న నల్ల పలకలేమిటని పిల్లలు ఎలాగూ అడుగుతారు. అవి 2018లో పెట్టిన 2 మెగావాట్ల సోలార్ పలకలు. పిల్లలు నీటి అంచుకు పది అడుగులు ఇవతలే కూర్చోవాలి, ఒక పెద్ద మనిషి పని ముట్టుకోకుండా వాళ్లనే కనిపెట్టుకుని ఉండాలి.

పొద్దున ఆరున్నర, ఏడు మధ్య చేరుకోండి. తొమ్మిదిన్నర దాటితే ఎండ చురుక్కుమంటుంది, సముద్రపు గాలి లేస్తుంది, క్రేయాన్లు మెత్తబడి కాగితానికి ముద్దలుగా అంటుకుంటాయి. ముందు పిట్టల బొమ్మలు, ఆ తర్వాతే ఆకుల పని గానీ ముగ్గు గానీ. చప్పుడు చేసే పనులు ముందు పెడితే పిట్టలు ఎగిరిపోతాయి.

ఏరడానికి ఒకటే నియమం: రాలింది మాత్రమే. పార్కులో కొమ్మ వంచి కోయకూడదు. పక్కనున్న కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నది. అక్కడ నేలమీద రాలినదైనా తీయొద్దు. పచ్చి ఆకు కావాల్సిన పనికి ఇంటి కుండీల్లోంచి తెచ్చుకోవాలి.

పిల్లల చేతికి తగలకూడనివి కొన్ని ఉన్నాయి. ఈ కాలంలో కొండవారన దురదగొండి కాయలు ఎండి వేలాడుతుంటాయి. వాటి నూగు గాలికి తగిలినా ఒళ్లంతా దురదే. తగిలితే గోకకుండా, టేపు అతికించి లాగి నూగు తీసి, తర్వాత కడగాలి. జీడిమామిడి కింద పచ్చి గింజలు దొరికితే పిల్లలు కొరుకుతారు, పెంకులోని జీడి మూతిని కాలుస్తుంది. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. గన్నేరు ఆకూ పువ్వూ విషం, ముగ్గులోకి కూడా వద్దు. మామిడాకులు కలిపి కుట్టిన గూడు కనిపిస్తే అందులో ఎర్రచీమలు ఉంటాయి. కోతులుంటే తిండి సంచి జిప్పు తీయకండి.

నీడల బొమ్మ

కుర్రవాళ్లకు నీటిలో కొండ నీడ వేయడం కష్టం. నీడను పక్కకో, చిన్నదిగానో వేసేస్తారు. మడతపెట్టి అచ్చు తీస్తే ఆ చిక్కు ఉండదు. ఏ4 డ్రాయింగ్ కాగితాన్ని అడ్డంగా సగానికి మడిచి విప్పండి. మడత గీతే నీటి అంచు. కింది సగాన్ని తడి స్పాంజితో ఒకసారి తుడవండి. పై సగంలో పోస్టర్ కలరుతో కొండ గీత మాత్రం వేసి, అరనిమిషంలో మడిచి అరచేత్తో రుద్ది విప్పాలి. ఆ తర్వాత చెట్లు, మళ్లీ మడత. చివర పిట్ట, మళ్లీ మడత. అంతా ఒకేసారి వేసి మడిస్తే మొదట వేసిన కొండ అప్పటికే ఆరిపోయి ఉంటుంది, కింద సగం బొమ్మే పడుతుంది. మన ఎండలో పోస్టర్ కలరు రెండు నిమిషాలు కూడా తడిగా ఉండదు. రంగు అంటకపోతే నీళ్లు తక్కువైనట్టు, మడత దాటి పాకితే ఎక్కువైనట్టు.

పిట్టల్లో కదలనివాటిని ఎంచుకోమనండి. నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటూ చాలాసేపు అలాగే ఉంటుంది. కొంగ ఒంటికాలి మీద నిలబడుతుంది. లకుముకి ఎగిరినా మళ్లీ అదే కొమ్మకు వస్తుంది. తేనెపిట్టను, వంగపండు పిట్టను చూసి ఆనందించడమే, బొమ్మకు అవి ఆగవు. కాగితం ముట్టకుండా రెండు నిమిషాలు ఊరికే చూడమంటే బొమ్మ తేడా మీకే కనిపిస్తుంది.

ఆకు అచ్చు

నాలుగేళ్ల పిల్ల కూడా చేయగల పని ఇది. తప్పులు కూడా ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి.

అదే రోజు రాలిన ఆకు కావాలి. రావి, బాదం, దేవకాంచనం బాగుంటాయి. ఎండి పెళుసైన ఆకైతే తడి న్యూస్‌పేపర్ మధ్య పది నిమిషాలు ఉంచండి. ఆకు వెనకవైపు ఈనెలు ఉబ్బెత్తుగా ఉంటాయి కాబట్టి ఆ వైపు పైకి పెట్టి, గట్టి అట్ట మీద ఉంచి, పైన మామూలు ప్రింటర్ కాగితం, అంటే 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) పల్చటిది, వేయాలి. దళసరి డ్రాయింగ్ షీటు వేస్తే ఈనె కనిపించదు. మైనపు క్రేయాన్‌కు చుట్టిన కాగితం ఒలిచి, దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, ఒకే వైపుకు రుద్దాలి. మొనతో గీస్తే కాగితం చిరుగుతుంది. ముందుకీ వెనక్కీ రుద్దితే ఆకు జరిగి ఈనెలు జంటగా పడతాయి. రెండో చేయి కాగితం మీదినుంచి ఎత్తకూడదు. ఆయిల్ పేస్టల్ మెత్తన, అలికినట్టవుతుంది, వాడొద్దు.

ఇదే అచ్చును తెల్ల క్రేయాన్‌తో తీయండి. కాగితం ఖాళీగా కనిపిస్తుంది. దానిమీద కింద చెప్పిన మోదుగ రంగును వెడల్పు కుంచెతో పూస్తే మైనం ఉన్నచోట రంగు అంటదు, రావి ఆకు తెల్లటి ఈనెలతో బయటపడుతుంది. పిల్లలు దీన్నే మళ్లీ మళ్లీ చేస్తామంటారు, కాగితాలు ఎక్కువ తెచ్చుకోండి.

మోదుగ రంగు

ఇది ముందురోజుకల్లా ఇంట్లో తయారు చేసి పెట్టుకోవాలి. రోడ్డు పక్క మోదుగ కింద రాలినవి ఏరుకున్నా సరే, మూలికల దుకాణంలో ఎండుపూలు కొన్నా సరే. ఎండుపూలు 25 గ్రాములు, అంటే రెండు పెద్ద గుప్పిళ్లు, అర లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. అంతకుముందే పువ్వు అడుగున నల్లగా వెల్వెట్‌లా ఉండే తొడిమ గిన్నెను తీసేయాలి. అది ఉంటే రంగు మురికి పడుతుంది. ఓపిగ్గా కూర్చుని వలిచే ఈ పని అమ్మమ్మకో నాయనమ్మకో మనవలతో కలిసి చేయడానికి చక్కగా ఉంటుంది. పొద్దున సన్నసెగ మీద 20 నుంచి 30 నిమిషాలు ఉంచి, గుడ్డలో వడకట్టి, మళ్లీ సెగ మీద 100 మిల్లీలీటర్లు మిగిలేదాకా ఇగర్చండి. తెర్లకాగితే గోధుమరంగుకు తిరుగుతుంది. స్టీలు గిన్నె వాడండి. ఇనుప మూకుడు రంగును నల్లబరుస్తుంది.

దీన్ని మూడు చిన్న గిన్నెల్లో పోయండి. ఒకటి అలాగే ఉంచితే పసుపు నారింజ. రెండోదానిలో చిటికెడు పటిక పొడి వేస్తే పసుపు తేటపడుతుంది. మూడోదానిలో అగ్గిపుల్ల మొనకు అంటినంత తాంబూలం సున్నం కలిపితే ఎరుపు వైపు ముదురుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్టే ఇదీను. సున్నం కంట్లో పడితే ప్రమాదం, పెద్దవాళ్లే కలపాలి. నీలం కావాలంటే పది శంఖుపూలు పావు కప్పు వేడినీళ్లలో వేయండి. అందులో నిమ్మరసం చుక్క వేస్తే ఊదా, గులాబీ రంగులకు మారుతుంది. ఆ మారడాన్ని పిల్లల ముందే చూపించాలి, రంగు తయారుగా తెచ్చి ఇచ్చేస్తే సగం సరదా పోతుంది.

కాగితం మీద రంగు పాకకుండా ఉండడానికి తుమ్మబంక 10 గ్రాములు 20 మిల్లీలీటర్ల వేడినీళ్లలో రాత్రి నానబెట్టి వడకట్టుకోండి. రెండు చెంచాల రంగుకు అర చెంచా బంకనీరు చాలు. ఎక్కువైతే ఆరాక మెరుస్తూ పగుళ్లు వేస్తుంది. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది, బయట పెడితే ఒక్కరోజుకే పులిసిన వాసన వస్తుంది. ఈ రంగులు ఎండలో వెలుస్తాయి, బొమ్మను కిటికీకి ఎదురుగా తగిలించకండి.

గుడ్డ మీద ఆకు ముద్ర

దీనికి రసమున్న పచ్చి ఆకు కావాలి, రాలిన ఆకు పనికిరాదు. ఇంటి నుంచి బంతి ఆకు, మునగాకు, శంఖుపూలు తడిగుడ్డలో చుట్టి తెండి. పాత నూలు పంచె ముక్క మేలు. కొత్త గుడ్డయితే గంజి పోయేదాకా సబ్బునీళ్లలో ఉడికించాలి, లేకపోతే రంగు పైపైనే ఉండి మొదటి ఉతుక్కే పోతుంది. 100 గ్రాముల గుడ్డకు 15 గ్రాముల పటిక, మూడు లీటర్ల వేడినీళ్లు. రాత్రంతా నానబెట్టి, పిండి, నీడన ఆరేసి తీసుకురండి.

చెక్క పలక మీద గుడ్డ, దాని మీద ఆకు, పైన కాగితం. నున్నటి గుండ్రాయితో ఆకు అంచుల నుంచి మొదలుపెట్టి లోపలికి మెల్లగా తట్టాలి. నడుమ మొదట కొడితే రసం బయటికి చిమ్మి ఆకారం చెదురుతుంది. సిమెంటు బెంచీ మీద పెట్టి కొడితే గుడ్డ చిల్లులు పడుతుంది. ముద్ద పువ్వులు వద్దు, మరకే మిగులుతుంది. ఆకు పిప్పిని అక్కడే గోకకుండా ఒకరోజు ఆరనిచ్చి దులపండి, ఇస్త్రీ చేయండి, మూడు రోజుల తర్వాత కుంకుడు రసంతో ఉతకండి. డిటర్జెంట్ సబ్బు రంగు మార్చేస్తుంది.

పూలముగ్గు

చెట్టు నీడలో, నడిచే దారికి పక్కగా, నాలుగడుగుల మేర చుక్కలు పెట్టి సుద్దతో గీత గీయండి. ముగ్గు తెలిసిన పెద్దవాళ్లకు గీత అప్పగించి, నింపే పని పిల్లలకివ్వండి. నడుమ నుంచి బయటికి నింపాలి, లేకపోతే నింపినదాని మీదే కాళ్లు పడతాయి. అంచుకు రాలిన కాయలు లాంటి బరువైనవి, లోపల కానుగ పూలు, తురాయి రేకులు. గాలి లేస్తే చేత్తో నీళ్లు చిలకరించండి. రంగుపొడులు, మెరుపుపొడి వద్దు, నేలలోకి పోతాయి. బియ్యప్పిండి చీమలకు పనికొస్తుంది. ఫొటో తీసుకున్నాక పూలను ఆ చెట్టు మొదట్లోకే తోసేయండి.

ఇంటికి తెచ్చుకునేది: రావి జల్లెడాకు

ఆకు కండ అంతా పోయి ఈనెల వల మాత్రం మిగిలితే అదే జల్లెడాకు. ముదిరి పసుపుపచ్చగా రాలిన రావి ఆకులు పది ఎంచుకోండి. రాగిరంగు చిగురుకు పీచు ముదరదు, నీళ్లలో ముద్దయిపోతుంది. చిల్లున్నవి కూడా వద్దు. బకెట్ నీళ్లలో ముంచి పైన చిన్న రాయి పెట్టి, బకెట్ మూతికి గుడ్డ బిగించి కట్టండి, లేదంటే దోమలు గుడ్లు పెడతాయి. నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చాలి. రెండు వారాల తర్వాత ఒక ఆకు తీసి వేలితో రుద్ది చూడండి. కండ జారితే సిద్ధమైనట్టు, జారకపోతే ఇంకో వారం. నాలుగు వారాలు దాటనిస్తే ఈనెల వల కూడా చిరుగుతుంది.

పళ్లెంలో నీళ్లు పోసి, ఆకును పరిచి, మెత్తటి టూత్‌బ్రష్‌తో నడిమి ఈనె నుంచి అంచు వైపుకు తడుతూ కండ వదిలించాలి. రుద్దితే చిరుగుతుంది. వాసన వస్తుంది కాబట్టి వరండాలో చేయండి. తీసిన వలను న్యూస్‌పేపర్ మడతల్లో పెట్టి పైన పుస్తకాల బరువు పెట్టండి. విశాఖ చెమ్మకు ఒకే కాగితంలో వదిలేస్తే రెండు రోజుల్లో బూజు పడుతుంది. మొదటి నాలుగు రోజులు రోజూ కాగితం మార్చండి. వారానికి ఆరుతుంది. ఆరిన వల మీద కొత్తగా కాచిన మోదుగ రంగు, బంకనీరు ఎక్కువ కలిపి, సన్నకుంచెతో పూయొచ్చు. నీళ్లు ఎక్కువైతే కన్నాల్లో బొట్లు నిలుస్తాయి, వెంటనే గుడ్డ మొనతో అద్దేయండి.