కేస్ ఇంటర్వ్యూలో ఎక్కడ ఆగిపోతున్నారు? సమస్య, కారణం, పరిష్కారం

కేస్ ఇంటర్వ్యూ అంటే ఒక కంపెనీ సమస్య ఇచ్చి, దాన్ని మీరు ఎలా తేలుస్తారో అక్కడికక్కడే చూసే ఇంటర్వ్యూ. డిగ్రీ అవ్వగానే కన్సల్టింగ్ (కంపెనీలకి వ్యాపార సలహాలిచ్చే) జాబులకి ట్రై చేసేవాళ్ళు చదవడం బాగానే చదువుతారు, నోరు తెరిచి ప్రాక్టీస్ చెయ్యడమే తక్కువ, కింద చెప్పే ఇబ్బందుల్లో చాలావరకు అక్కడి నుంచే వస్తాయి.

సమస్య: కేస్ వినగానే మైండ్ బ్లాంక్ అయిపోతుంది.
కారణం: ఫ్రేమ్‌వర్కులు (సమస్యని విడగొట్టే రెడీమేడ్ పద్ధతులు) బట్టీ పట్టేసి, ఇప్పుడు ఏది వాడాలా అని వెతుక్కోవడం.
పరిష్కారం: ముందు ప్రశ్నని మీ మాటల్లో మళ్ళీ చెప్పండి, క్లయింట్‌కి ఏం కావాలో, ఎప్పటికల్లా కావాలో అడగండి, ఆ తర్వాత ఒక్క నిమిషం టైమ్ తీసుకోండి, అడిగి తీసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. లాభం తగ్గింది అన్నారనుకోండి, ఆదాయం ఒక పక్క, ఖర్చు ఒక పక్క రాయండి. ఆదాయం కింద ధర, ఎన్ని అమ్ముడయ్యాయి అనేది, ఖర్చు కింద ఫిక్స్‌డ్ (అమ్మకాలతో మారనిది), వేరియబుల్ (అమ్మకాలతో మారేది). ఒకదాంట్లో ఉన్నది ఇంకోదాంట్లో రాకూడదు, ఏదీ వదిలెయ్యకూడదు, మీసీ (MECE) అని అందరూ చెప్పేది ఇదే.

సమస్య: లెక్క కరెక్టే, అయినా ఇంటర్వ్యూయర్ "అయితే ఏంటి?" అంటున్నారు.
ఇది చాలా కామన్, నా ఉద్దేశంలో ఎక్కువమంది పోయేది ఇక్కడే. ఆదాయం 80 లక్షల నుంచి 72 లక్షలకి పడింది, ఖర్చు మాత్రం మారకుండా 60 లక్షల దగ్గరే ఉంది అనుకుందాం. లాభం 20 నుంచి 12 అయింది అని చెప్పి ఆగిపోతారు. ఆగొద్దు. ఆదాయం 10 శాతం పడితే లాభం 40 శాతం పడిపోయింది, అమ్మకాలు తగ్గినా ఖర్చు కదల్లేదంటే అందులో ఎక్కువ ఫిక్స్‌డ్ అయ్యుండొచ్చు, లేదా ధర తగ్గించి అంతే సరుకు అమ్మి ఉండొచ్చు, అందుకే ముందు ధర, అమ్మకాల సంఖ్య విడివిడిగా చూస్తాను అనండి. అంకె వచ్చిన ప్రతిసారీ దాని అర్థం ఒక వాక్యం, తర్వాత ఏం చూస్తారో ఇంకో వాక్యం.

సమస్య: సున్నాలు తప్పిపోతున్నాయి.
కాలిక్యులేటర్ మామూలుగా ఇవ్వరు. లక్షల్లో మొదలుపెడితే చివరిదాకా లక్షల్లోనే ఉంచండి, లెక్క పైకి చెప్తూ చెయ్యండి, తప్పు జరిగితే వాళ్ళకీ ఎక్కడో తెలుస్తుంది.

సమస్య: ఒక కంపెనీలో బాగా చేసి ఇంకో కంపెనీలో తడబడటం.
కారణం చాలాసార్లు స్టైల్ తేడా. పెద్ద కన్సల్టింగ్ కంపెనీల్లో చూస్తే, మెకిన్సీలో ఎక్కువగా ఇంటర్వ్యూయరే ఒక్కో ప్రశ్నా అడుగుతూ నడిపిస్తారు, బీసీజీ, బెయిన్‌లలో మామూలుగా కేస్‌ని మీరే ముందుకి తీసుకెళ్ళాలి. రెండు రకాలూ ప్రాక్టీస్ చెయ్యండి.

సమస్య: "టీమ్‌లో గొడవ వచ్చినప్పుడు ఏం చేశారు" అంటే సమాధానం తేలిపోతుంది.
మొత్తం "మేము, మేము" అని చెప్తే మీరు చేసిందేంటో వాళ్ళకి తెలీదు. పరిస్థితి రెండు ముక్కల్లో చెప్పేసి ఎక్కువ టైమ్ మీరు ఎవరితో ఏం మాట్లాడారు, ఎందుకలా చేశారు అనేదానికి ఇవ్వండి, ఎందుకంటే తవ్వి తవ్వి అడిగేది దాని గురించే, చివర్లో ఏమైందో చెప్పండి.

సమస్య: ఎన్ని కేసులు చేసినా ఇంప్రూవ్‌మెంట్ లేదు.
కేసులు పెంచడం ఆపండి. చేసినదాన్నే ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి, ఎక్కడ సైలెంట్ అయ్యారో రాసుకుని, మర్నాడు ఆ ముక్క ఒక్కటే మళ్ళీ చెయ్యండి.