కడపలో ఉండి పులికాట్ చరిత్ర రాయడం ఎలా

కడప, ప్రొద్దుటూరు ప్రాంతాల పాఠశాలలు విహారయాత్రకు పులికాట్ సరస్సును ఎంచుకొన్నప్పుడు, ఆ తీరప్రాంత అభయారణ్యం చరిత్రను విద్యార్థుల చేత రాయించాలనుకొనే ఉపాధ్యాయుల కోసం ఈ పద్ధతిని వివరిస్తున్నాను. ఇందులో ఎక్కువ భాగం పని సరస్సును చూడకముందే, మన ఊళ్లోనే పూర్తి చేసుకోవచ్చు.

ఇటువంటి వ్యాసాలు సాధారణంగా 1976తో మొదలవుతాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పులికాట్‌ను, దానికి ఉత్తరాన దొరవారిసత్రం మండలంలో ఉన్న నేలపట్టును పక్షుల అభయారణ్యాలుగా ప్రకటించింది ఆ ఏడాదే కనుక అది సహజమే. అయితే అక్కడి నుంచి మొదలుపెడితే, అప్పటిదాకా ఆ నీటి మీద బతికిన మనుషులు చరిత్రలోకి రాకుండానే పోతారు. అందుచేత ఆ సంవత్సరాన్ని నడిమి మైలురాయిగా పెట్టుకొని, మొదట వెనక్కి, తర్వాత ముందుకు నడిపించడం మేలు.

మొదటి పని పటం గీయడం. చిల్క తర్వాత దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనూ, దక్షిణపు కొస తమిళనాడులోనూ ఉన్నాయి. సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట దీవిని, ఉత్తరాన స్వర్ణముఖిని, సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చే కాళంగిని, దక్షిణాన ఆరణి నదిని, సముద్రపు నీరు లోపలికి వచ్చే రాయదొరువు వంటి ముఖద్వారాలను విద్యార్థులు తమ చేతితోనే గుర్తించాలి. ఇసుక మేటవేసి ముఖద్వారం పూడుకుపోతే నీటిలో ఉప్పు శాతం మారుతుందనీ, దానితో చేపలూ రొయ్యలూ, వాటి వెంట పక్షులూ తగ్గుతాయనీ వివరిస్తే, తర్వాత చదవబోయే చరిత్ర అంతా ఆ పటం మీదనే అర్థమవుతుంది.

రెండవది పాత పత్రాలు వెదకడం. బ్రిటిష్ కాలంలో ఒక్కో జిల్లా వివరాలను కూర్చి అచ్చువేసిన జిల్లా మాన్యువళ్లు, గెజిటీర్లు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉచితంగా లభిస్తాయి. 1873లో అచ్చయిన నెల్లూరు జిల్లా మాన్యువల్ నుంచి మొదలుపెట్టవచ్చు. పులికాట్ అన్న పేరుతోనే కాక ప్రళయకావేరి అన్న తెలుగు పేరుతో, పళవేర్కాడు అన్న తమిళ పేరుతో కూడా వెదకాలి. డచ్చివారు 1613లో పళవేర్కాడు వద్ద గెల్డ్రియా కోటను కట్టి, అక్కడి నుంచి నూలు బట్టల వ్యాపారం సాగించిన సంగతి అలా వెదికితేనే బయటపడుతుంది.

సరస్సు తూర్పు అంచు వెంట సాగే బకింగ్‌హామ్ కాలువ వద్ద మాత్రం కొంచెం ఆగాలి, ఎందుకంటే రాయలసీమ విద్యార్థికి ఈ చరిత్రలో స్వంత ఊరి జాడ కనిపించేది ఇక్కడే. 1876-78 నాటి కరువు, మన పెద్దలు ధాత కరువుగా చెప్పుకొన్నది, కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను తుడిచిపెట్టింది; నేటి అనంతపురం ప్రాంతం అప్పటికి బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆ రోజుల్లో కరువు పనుల కింద మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలుపుతూ కాలువను పొడిగించారు, 1878లో నాటి మద్రాసు గవర్నరు పేరును దానికి పెట్టారు. కాలువ మొత్తాన్ని కరువు కూలీలే తవ్వారని కొందరు రాస్తుంటారు గానీ అది సరికాదు. మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వకం 1806లోనే మొదలయింది. ఏ భాగాన్ని ఎప్పుడు తవ్వారో విడివిడిగా రాయమని విద్యార్థులను పట్టుబట్టడం నా దృష్టిలో ఈ అభ్యాసమంతటిలోనూ అతి విలువైన పని.

తర్వాతి ఘట్టం శ్రీహరికోట. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు; 1971 అక్టోబరు 9న రోహిణి-125 రాకెట్ అక్కడి నుంచి ఎగిరింది; 2002లో కేంద్రానికి సతీశ్ ధావన్ పేరు పెట్టారు. దీవిలో తరతరాలుగా ఉన్న యానాదులు తమ చోటును వదలవలసి వచ్చిన విషయాన్ని, సూళ్లూరుపేట నుంచి సరస్సు మధ్యగా వేసిన రోడ్డును కూడా ఇదే వరుసలో నమోదు చేయాలి.

అభయారణ్య ప్రకటన నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద సూళ్లూరుపేటలోని వన్యప్రాణి విభాగం కార్యాలయానికి దరఖాస్తు పెట్టవచ్చు. సమాధానానికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు కనుక యాత్రకు రెండు నెలల ముందే పంపాలి. ప్రకటనను చదివేటప్పుడు ఒక తేడా తెలిసి ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వం మొదట్లో 18వ సెక్షను కింద నేరుగా అభయారణ్యాన్ని ప్రకటించేది. 1991 సవరణ తర్వాత ఆ సెక్షను కింద ఉద్దేశాన్ని మాత్రమే ప్రకటించి, కలెక్టరు స్థానికుల హక్కులను విచారించిన పిమ్మట 26ఎ కింద తుది ప్రకటన ఇవ్వాలి.

ఇక క్షేత్రపర్యటన. అక్టోబరు నుంచి మార్చి వరకు వలస పక్షులు ఉంటాయి, అయితే ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేసిన ఏడాది సరస్సు ఎండి నిరాశ కలగవచ్చు. రేణిగుంట, నాయుడుపేట మీదుగా వెళ్తే ముందు నేలపట్టు తగులుతుంది. అక్కడ గూడబాతులు గుడ్లు పెట్టే చెరువును చూపి, రెట్టలు కలిసిన ఆ నీరు పొలాలకు ఎరువుగా పనికివస్తుందని గ్రామస్థులు పక్షులను ఎలా కాపాడుకొన్నారో వారినే చెప్పమనాలి. సరస్సు ఒడ్డున జాలరులను పక్షుల గురించి కాక, వంతుల ప్రకారం చేపలు పట్టుకొనే పాడు పద్ధతి గురించి అడగాలి: ఎవరి వంతు ఎప్పుడు, ఎక్కడ వల వేయాలి, తగవు వస్తే ఎవరు తీరుస్తారు అన్నవి. చెప్పినవారి పేరును వ్యాసంలో వాడే ముందు అనుమతి తీసుకోవాలి; అభయారణ్యం లోపల వేట గురించి ఎవరైనా మాట జారితే పేరు, ఊరు రెండూ రాయకుండా వదిలివేయాలి.