కొత్త ఇత్తడి కడియానికి పాత రంగు

మా శ్రీకాకుళం ఇంటి వీధి తలుపుకు రెండు ఇత్తడి కడియాలు. ఒకటి ఊడిపోతే, ఇత్తడి పనికి పేరున్న బుడితి ఊరికి వెళ్లి కొత్తది తెచ్చాను. పని ముచ్చటగా ఉంది కానీ, నల్లబడిన పాతదాని పక్కన పసుపుపచ్చగా మెరుస్తూ కళ్లకు గుచ్చుకునేది. ఇలా చేస్తే రెండూ కలిసిపోయాయి.

ముందు చింతపండుతో తోమి, సబ్బుతో కడిగి, పొడి గుడ్డతో తుడవాలి. ఆ తర్వాత వేలు తగలనివ్వకండి, జిడ్డు అంటిన చోట రంగు పట్టదు. మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్ అడుగున అర కప్పు వెనిగర్, ఒక చెంచా ఉప్పు కలిపి పోయాలి. కడియాన్ని అదే నీళ్లతో తడిపి, ద్రవానికి తగలకుండా దారంతో వేలాడదీసి మూత పెట్టాలి. రాత్రంతా ఉంచి, పొద్దున తీసి ఒక రోజు గాలికి ఆరనివ్వాలి. రంగు చాలకపోతే మరో రాత్రి. చివరికి మెత్తని గుడ్డతో ఉబ్బెత్తు భాగాలను మాత్రమే రుద్దండి. చేయి తగిలే అంచు మెరుస్తుంది, గీతల్లో ఆకుపచ్చ, గోధుమ రంగు మిగులుతుంది. నిజంగా వాడిన వస్తువులా కనిపించేది అక్కడే. పైన రెండు చుక్కల కొబ్బరినూనె పల్చగా రాస్తే చాలు.

దుకాణంలో కొన్న కొన్ని వస్తువులకు పైన పారదర్శకమైన లక్క పూత ఉంటుంది. దాన్ని థిన్నర్‌తో తుడిచేయకపోతే ఎన్ని రాత్రులు ఉంచినా రంగు మారదు. ఆ ఆకుపచ్చ పొర విషం కాబట్టి వంట గిన్నెలకు, తీర్థం పోసే చెంబులకు మాత్రం ఇది అసలు చేయకండి.